పలచన

మూరున్‌లో ఇవాళ మైనస్ ముప్ఫై ఎనిమిది.
షెడ్డు గొళ్ళెం ఉత్తచేత్తో ముట్టుకుంటే వేలితోలు దానికే ఉండిపోతుంది.
తొమ్మిదైనా తెల్లారలేదు.
చులూన్ ఫర్గాన్ వ్యాను ఆపకుండానే దిగి
గొర్రెతోలు టోపీ చెవులు పైకి మడిచి
"ఓయూన్‌గెరెల్, చిక్కటి ఆయిల్ పోసెయ్" అన్నాడు.
"ఎంత చిక్కటిది?"
"నీ దగ్గరున్న వాటన్నిట్లోకీ."

ఇరవై రెండేళ్ళుగా ఈ డబ్బాల మధ్యనే నా కాపురం.
ముందున్న అంకె చలిది. దాని పక్కన డబ్ల్యూ కూడా చలిదే.
వెనకది ఎండది, పరుగుది, కాగిన ఇనుముది.
మేం ఏడు నెలలు ముందంకెతోనే బతుకుతాం.
గోబీ వైపు లారీలవాళ్ళు వచ్చి వెనకంకె గురించి వాదిస్తారు,
పాపం, వాళ్ళకి వేసవి అనేది ఒకటుంది.

చిక్కనంటే లోకానికి ఎందుకో అంత మోజు.
చిక్కటి పాలు, చిక్కటి టీ, చిక్కటి స్నేహం.
పలచనంటే లోకువ.
ఒక్క మాట నోరు జారితే చాలు, మనిషే పలచనైపోతాడు.
కానీ తాళం తిప్పిన తొలి క్షణంలో
రాత్రంతా అడుగున పడుకున్న ఆయిల్
పైన ఎండిపోయిన షాఫ్టుల దాకా ఎక్కాలి.
ముదురుపాకం లేవదు.
పలచనిదే లేస్తుంది, అడిగీ అడగకముందే.
అది రావడం ఆలస్యమైనంతసేపూ
ఇనుము ఇనుమునే కొరుక్కుతింటుంది.

"నీ బండికి ఫైవ్ డబ్ల్యూ థర్టీ.
మరీ అరిగిందనుకుంటే ఫార్టీ. ఆపైన వద్దు."
అతను గడ్డంతో మూల చూపించాడు,
ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ,
ఆగస్టులో రోడ్డు రోలరువాళ్ళు మర్చిపోయిన డబ్బా.

ఫర్గాన్‌లో ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది.
మీద కప్పిన బొంత తీసి చెవి పెట్టాను.
టక్. టక్. టక్.
బేరింగు.
"ఎవరికి అమ్ముతున్నావు?"
గ్లవ్సు విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు.
"త్సగాన్ ఊర్ ఆస్పత్రి నర్సు. ఇచిన్‌ఖోర్లో.
సాయంత్రం చూడ్డానికి వస్తుంది."

దుప్పటి బరువుగా కప్పితే దగ్గు బయటికి వినపడదు.
ఆ సంగతి నాకూ తెలుసు.
ఈ షెడ్డులోనే, మా ఆయన బతికున్నప్పుడు,
రెండు బండ్ల నోళ్ళు అలా నొక్కాం.
ఒకటి ఎటు పోయిందో తెలీదు.
రెండోది తెలుసు.

"రాత్రిపూట రోడ్డు రెండుగా కనిపిస్తోంది నాకు" అన్నాడు చులూన్.
"కళ్ళకి ఆపరేషన్ అన్నారు. డబ్బు కావాలి."
ఏమనాలో తోచలేదు.
రోలరువాళ్ళ డబ్బా తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టి వచ్చాను.
ఇద్దరం ఉప్పు టీ తాగాం, అతని మనవరాలి గురించి మాట్లాడుకున్నాం.
గంటన్నర తర్వాత డబ్బా మూత తీసి
అతని ముందే తలకిందులు చేశాను.
పడలేదు.
అతను సిగరెట్ వెలిగించాడు. డబ్బా అలాగే పట్టుకుని నిలబడ్డాను.
సిగరెట్ అయిపోయింది. చేతులు లాగేస్తున్నాయి.
ఒక్క చుక్క దిగలేదు.

"రేపు తెల్లారి దాని బండిలో ఇదుంటుంది" అన్నాను.
అతను చాలాసేపు ఆ డబ్బా మూతి వంకే చూశాడు.
"థర్టీ ఎంత?" అన్నాడు.
చెప్పాను. బేరమాడాడు. తగ్గించలేదు.

సాయంత్రం ఆమె వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద బూట్లు.
ఇంజను స్టార్ట్ చేసి తల వాల్చి విన్నది,
రోగి ఛాతీ విన్నట్టే, కళ్ళు మూసుకుని.
"ఇదేమిటి?"
చులూన్ నా వైపు చూశాడు. నేను రెంచీలు సర్దుకుంటున్నాను.
"బేరింగు" అన్నాడు. "పోయేట్టుంది."
"ఎంత తగ్గిస్తావు?"

తర్వాత వాళ్ళ గొడవ వాళ్ళది, చాలాసేపు సాగింది.
నేను గరాటు తుడిచాను.
దాని అంచున మిగిలిన బొట్టు
అంత చలిలోనూ నిదానంగా నా వేలి మీదికి నడిచొచ్చింది.